రసమట్టం గారి వెనక సీటు

టైల్స్ పరిచే ఆ కాంట్రాక్టరుని ఊళ్ళో అందరూ రసమట్టం గారనే అంటారు. మొదట్లో చాటుగా అనేవారు, తరవాత ముఖం మీదే అనడం మొదలుపెట్టారు, కొన్నాళ్ళకి ఆయనే ఆ పేరుకి పలకడం మొదలుపెట్టాడు. నేల మీద టైలు పరిచాక దాని మీద రసమట్టం పెట్టి, గాజు గొట్టంలోని బుడగ రెండు గీతల మధ్యకి వచ్చి నిలిచేదాకా పనివాళ్ళని ఊపిరి పీల్చుకోనివ్వడు. అంతవరకూ బాగానే ఉంది, అది వృత్తి. కానీ ఈయన హోటల్లో బల్ల ఊగుతుంటే కాలి కింద కాగితం మడిచి పెట్టేదాకా టీ ముట్టుకోడు. చుట్టాలింటికి వెళితే కుశలప్రశ్నల కన్నా ముందు గోడ మీద ఒరిగిన ఫొటో సరిచేస్తాడు. వంకరగా ఉన్నదేదైనా ఆయనకి కంట్లో నలుసే.

అలాంటి మనిషి సొంత బండి వెనకభాగం కుంగిపోయింది.

అది పెద్ద బండి, ఎస్‌యూవీ. వ్యాపారం కాస్త నిలదొక్కుకున్నాక ముచ్చటపడి కొన్నాడు. కుటుంబమంతా తిరగడానికని కొన్నాడు కానీ, డిక్కీలో ఎప్పుడూ టైల్స్ పెట్టెలూ, జిగురు బస్తాలూ ఉంటాయి. మళ్ళీ రేపు కావాలి కదా, దించి ఎక్కించడం దండగ అంటాడు. ముందు సీట్లో, ఆయన పక్కన, శాంపిల్ పలకల కట్ట కూర్చుంటుంది. సీటు బెల్టు పెట్టకపోతే బండి కీచుమని గోల చేస్తుంది కాబట్టి ఆ కట్టకి బెల్టు కూడా కడతాడు. భార్య వెనక సీట్లో కూర్చుంటుంది. ఇదేమీ ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాదు. మొదటిసారి అలా జరిగింది, తరవాత అదే అలవాటైపోయింది.

రెండేళ్ళ కిందట ఒకసారి ఇలాగే బండి వెనక్కి వాలితే, రోడ్డు పక్కన ఎవరో స్ప్రింగుల మెలికల మధ్య రబ్బరు దిమ్మలు ఇరికించి లేపారు. రసమట్టం గారు తలుపు తీసి, గడప పట్టీ మీద తన పనిముట్టు పెట్టి చూశాడు. బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. ఆ రోజు ఆయన ముఖం చూసి తీరాలి, పరీక్ష పాసైన కుర్రాడిలా వెలిగిపోయింది. ఇప్పుడా దిమ్మలతో సహా స్ప్రింగులు మళ్ళీ చతికిలపడ్డాయి. బండి ముక్కు ఆకాశంలోకి చూస్తోంది. రాత్రిపూట దాని లైట్లు కళ్ళలో పడి ఎదురొచ్చేవాళ్ళు తిట్టుకుంటూ పోతున్నారు.

బండి మాట అలా ఉంచితే, ఆయనకి ఇంట్లో ఇంకో కుంగుబాటు ఉంది. అది రసమట్టానికి అందేది కాదు.

ఒక్కతే కూతురు. తనకి నచ్చిన అబ్బాయిని పెళ్ళి చేసుకుని, సగం రోజు ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటూ కాపురం పెట్టింది. పెళ్ళి మాట ఎత్తినప్పుడు తల్లి కొన్నాళ్ళు ముఖం ముడుచుకున్న మాట నిజమే. తరవాత ఒప్పుకుంది, నవ్వుతూనే పంపింది. కాపురం పెట్టించడానికి ఒకసారి వెళ్ళొచ్చింది. ఆ తరవాత మళ్ళీ ఆ గడప తొక్కలేదు. వెళ్దామన్నప్పుడల్లా ఇంట్లో పనుందంటుంది. ఆయన ఒక్కడే వెళ్ళొస్తున్నాడు. భార్య మనసులో ఆ పాత పంతం ఇంకా చావలేదని ఆయన తేల్చేసుకున్నాడు. బిడ్డ మీద ఇంత పంతమా అని లోపల్లోపల ఉడికిపోతున్నాడు. పైకి అనడు, అంటే గొడవ. అనకుండా గిన్నె కాస్త గట్టిగా పెట్టడం, ఫ్యాను స్విచ్చి కాస్త గట్టిగా నొక్కడం లాంటివి చేస్తుంటాడు.

ఆ వారం కూతురు ఫోన్ చేసింది. "ఈసారైనా అమ్మని తీసుకురా నాన్నా," అంది. 

మర్నాడు పొద్దున్న బండి తాళాలు తీసుకుంటూ ఆయన భార్యతో అన్నాడు. "షాకప్‌లు మార్పించుకొస్తా. ఆదివారం అమ్మాయి దగ్గరికి వెళ్దాం."

"మీరు వెళ్ళిరండి," అంది ఆవిడ గిన్నె తుడుస్తూ. "నాకిక్కడ పనుంది."

"ఏం పని?"

"ఇల్లన్నాక పనుండదా ఏంటి?"

ఆయనకి చిర్రెత్తుకొచ్చింది. బయటికి నడిచాడు. తలుపు మాత్రం కాస్త గట్టిగానే వేశాడు.

బావమరిదిది బండ్ల విడిభాగాల దుకాణం. దాన్నానుకునే ఒక మెకానిక్ షెడ్డు. బావమరిది అక్కలాగే చామనఛాయ, అక్కలా కాకుండా నోరు ఊరుకోదు. బండి ఆగీ ఆగకముందే బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటి బావా, బండి ముక్కు పైకెత్తుకుని తిరుగుతోంది? అంతా నీ పోలికేనా?"

"నీ అక్క పోలికరా. పట్టిన పట్టు విడవదు," అన్నాడు ఈయన. సరదాగా అందామనుకున్నది కాస్త చేదుగా వచ్చింది. కప్పిపుచ్చుకోడానికి రసమట్టం తీసి తలుపు గడప మీద పెట్టాడు. "చూడు, బుడగ ఎలా ముందుకి పరిగెత్తిందో. నాకిది మధ్యలో నిలబడాలి. జన్మలో మళ్ళీ కుంగకూడదు."

"ఇది నువ్వు పరిచే నేల కాదు బావా, పరిచేసి వదిలెయ్యడానికి. ఇది పరిగెత్తాలి. లోపలికి రా."

లోపల కౌంటరు మీద రెండు జతల షాకప్‌లు పెట్టాడు. ఒకటి పిక్కంత లావుగా, ముదురు రంగులో ఉంది. రెండోది సన్నగా ఉంది. రెంటి పక్కనా వాటి స్ప్రింగులు.

"ముందొకటి విను. షాకప్ బండిని పైకి లేపదు. అందరూ అదే అనుకుంటారు. బరువు మోసేది స్ప్రింగు. అది కిందికీ మీదికీ ఊగుతుంటే ఆ ఊపు ఆపేది షాకప్. నీకు రెండూ అయిపోయాయి. స్ప్రింగు అలిసిపోయింది, షాకప్ నూనె కక్కేసింది. పైగా ఆ దిమ్మలొకటి. స్ప్రింగుని స్ప్రింగులా ఉండనివ్వలేదు."

"సరే, ఏది మంచిది?"

"రెండూ మంచివే. ఈ లావుది బరువు లాగే బండ్లకి వేస్తారు. డిక్కీ నిండా టైల్స్ వేసినా తొణకదు. కానీ బండి ఖాళీగా ఉంటే చెక్కబల్ల మీద కూర్చున్నట్టుంటుంది. ఈ సన్నది బండితో పాటు వచ్చినదాని లాంటిదే. మనుషులకి హాయిగా ఉంటుంది. బరువు మాత్రం హద్దులో పెట్టాలి. ఇంతకీ వెనకాల టైల్స్ ఎక్కువగా ఉంటాయా, మనుషులు ఎక్కువగా ఉంటారా? అది చెప్తే ఏది కావాలో నేను చెప్తా."

"వెనక మనుషులెవరున్నారు? మీ అక్కేగా. ఆవిడ ఎలాగూ ఎక్కడికీ రానంటోంది. లావువే పెట్టించు."

 బావమరిది ఏదో జోకు వేద్దామనుకుని, ఎందుకో మానుకుని, మెకానిక్‌ని కేకేశాడు.

మెకానిక్ బండి కిందికి దూరి, చేత్తో అక్కడా ఇక్కడా కొట్టి, మోచేతుల దాకా నల్లగా చేసుకుని బయటికొచ్చాడు. "షాకప్‌లు సరే సార్. ఇంకేదో టకటకమంటోంది. విప్పితే ఇక తెలీదు, విప్పేముందే ఒక రౌండు వేసి చూద్దాం. నేను నడుపుతా, మీరు వెనక కూర్చోండి. ఏ వైపు నుంచి వస్తుందో కాస్త చెవి పెట్టి వినండి."

ముందు సీటులో శాంపిళ్ళు ఉండనే ఉన్నాయి. రసమట్టం గారు వెనక తలుపు తీశాడు. తీసి, ఎక్కడానికి ఏ కాలు ముందు పెట్టాలో తెలియక ఒక క్షణం తడబడ్డాడు. తన బండిలో తాను వెనక సీట్లో కూర్చోవడం అదే మొదలు. కొన్న రోజు నుంచీ, వానలో, ఎండలో, పెళ్ళిళ్ళకి, ఆసుపత్రికి, ఎక్కడికి వెళ్ళినా ఆ స్టీరింగు ఇంకొకరికి ఇచ్చిన పాపాన పోలేదు.

ఎక్కి కూర్చోగానే మోకాళ్ళు ముందు సీటుకి తగిలాయి. శాంపిళ్ళు పడిపోకుండా ఆ సీటుని వెనక్కి జరిపి, వాల్చి పెట్టింది ఆయనే. నడుం దగ్గర ఏదో ఒత్తుకుంటే తీసి చూశాడు. పాత దుప్పటి, నాలుగు మడతలు పెట్టి, జారిపోకుండా దారంతో కుట్టి ఉంది. కిటికీ పైన పట్టుకోడానికి ఉండే పిడి మీద నల్లటి తొడుగు ఒకచోట అరిగి, లోపలి తెల్ల ప్లాస్టిక్ కనిపిస్తోంది. ఇదెప్పుడు అరిగింది, బండి కొత్తదేగా అనుకున్నాడు. ఆయన లెక్కలో ఆ బండి ఎప్పుడూ కొత్తదే.

షెడ్డు దాటి మొదటి గుంత దగ్గర బండి దిగింది. ముందు చక్రాలు మెత్తగా దిగాయి. వెనక చక్రాలు దిగేసరికి కింద ఏదో దేనికో తగిలి దభీమంది. ఆ దెబ్బ సీట్లో ఆగలేదు. నడుంలో దిగి, వెన్నుపాములో పైకి పాకి, పళ్ళ దగ్గర ఆగింది. ఆ వెంటనే వెనకభాగం రెండు మూడుసార్లు ఎగిరెగిరి పడింది. ఆయన దుప్పటి గబుక్కున మళ్ళీ నడుం వెనక పెట్టుకున్నాడు.

స్పీడ్ బ్రేకరు వచ్చింది. ఈసారి చెయ్యి దానంతటదే పైకి వెళ్ళి పిడిని పట్టుకుంది. పట్టుకున్నాక చూసుకుంటే, వేళ్ళు సరిగ్గా ఆ అరిగిన చోటే ఉన్నాయి.

"ఏ వైపు సార్?" అన్నాడు మెకానిక్ అద్దంలోంచి చూస్తూ.

వినాలన్న సంగతే ఆయన మరిచిపోయాడు. "ఇంకో రౌండు వెయ్యి," అన్నాడు.

రెండో రౌండులోనూ శబ్దం సంగతి ఆయనకి పట్టలేదు. కూతురి కాపురం పెట్టించి తిరిగొచ్చిన రోజు గుర్తొచ్చింది. ఇంటి ముందు బండి ఆగాక భార్య దిగి, తలుపు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. ఆవిడ కూతుర్ని వదిలొచ్చిన దిగులులో ఉందనుకున్నాడు. త్వరగా రా, తాళం వెయ్యాలి అని కూడా అన్నాడు. సగం రోజు దారి, పోను సగం, రాను సగం, ఈ దెబ్బలు తింటూ ఆవిడ కూర్చుంది. ముందు సీట్లో కూర్చున్న తనేమో దారి పొడుగునా పాటలు పెట్టుకుని, బండి వెన్నలా పోతోందని మురిసిపోయాడు. ముందు అంతా బాగానే ఉంది మరి. కుంగింది వెనక.

అది పంతం కాదు. నొప్పి.  పైగా ఆ పంతం అన్న మాట ఆయన మనసులోనే ఉంచుకోలేదు. పోయినసారి వెళ్ళినప్పుడు, అమ్మ ఎందుకు రాలేదని కూతురు అడిగితే, "మీ అమ్మ పంతం నీకు తెలీనిదేముంది," అనేసి వచ్చాడు.

షెడ్డు ముందు దిగి, ఆయన కూడా తలుపు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

"ఎడమవైపు అనుకుంటా సార్ శబ్దం," అన్నాడు మెకానిక్, ఇక ఈయన చెప్పడని తేలిపోయాక.

రసమట్టం గారు దుకాణంలోకి వెళ్ళి కౌంటరు మీది లావు జతని పక్కకి నెట్టాడు. "సన్నవి పెట్టించు. ఆ రబ్బరు దిమ్మలు తీసి అవతల పారెయ్యమను."

"అదేంటి, జన్మలో కుంగకూడదన్నావ్?"

"వెనక కూర్చున్నాన్రా."

బావమరిది ఆయన ముఖం చూశాడు. "మరి టైల్స్?"

"సగం సగం వేసుకుని రెండుసార్లు తిరుగుతా. లేదా ఇంకో బండి మాట్లాడుకుంటా. టైల్స్‌కి నడుం నొప్పి రాదు కదా."

బావమరిదికి అప్పుడర్థమైంది. అంత వాగుడుకాయా ఒక్కసారిగా మెత్తబడిపోయాడు. "అక్క నాతో కూడా ఎప్పుడూ అనలేదు బావా," అన్నాడు. ఆ మాటకి ఈయనకి కాస్త ఊరట కలిగింది. చెప్పలేదు కాబట్టే తెలియలేదు అని చెప్పుకోడానికి ఒక ఆసరా దొరికింది.

సాయంత్రానికి కొత్తవి బిగించారు. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆయన గుంతలు వెతుక్కుని మరీ బండిని దించాడు. వెనకభాగం దిగి, లేచి, బుద్ధిగా కుదురుకుంటోంది. దారి పొడుగునా ఒక్కో గుంతకీ గుండెలో బరువు కాస్త దిగుతున్నట్టనిపించింది. తప్పు తెలుసుకున్నాడు, దిద్దేశాడు, ఒకే రోజులో. గెలిచినవాడిలా ఇంట్లో అడుగుపెట్టాడు.

భార్య మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"మెత్తనివి పెట్టించాను," అన్నాడు. "డిక్కీ కూడా ఖాళీ చేయించేశా. ఇక నువ్వు హాయిగా రావచ్చు. వెనక కూర్చుని చూస్తే తెలిసింది నాకు. ఇంత నొప్పి పెట్టుకుని, నొప్పి అని ఒక్క మాట చెప్పొచ్చు కదా?"

ఆవిడ చేతిలో చొక్కా మడత సగంలో ఆగిపోయింది. "చెప్పాను."

"ఎప్పుడు చెప్పావ్?"

"మూడుసార్లు చెప్పాను." ఆవిడ గొంతు పెంచలేదు. "మొదటిసారి చెప్తే, బండి ఆపి, దిగి, టైర్లలో గాలి చూశారు. రెండోసారి చెప్తే, ఆ రోడ్డు వేసినవాణ్ణి ఇల్లు చేరేదాకా తిట్టారు. మూడోసారి చెప్తే, రసమట్టం తెచ్చి పెట్టి, బుడగ మధ్యలోనే ఉంది, బండికేం రోగం లేదు అన్నారు."

 ఆయనకి మూడూ గుర్తొచ్చాయి. టైర్లలో గాలి సరిగ్గా ఉండటం కూడా గుర్తొచ్చింది.

"బండికి రోగమని నేను అనలేదండీ," అంది ఆవిడ. "ఆ తరవాత మానేశాను. చెప్పడమూ, ఎక్కడమూ. బస్సులో పోదామంటే, బండుండగా బస్సేంటి, నలుగురూ నవ్వుతారంటారు. ఇంక పనుంది అనడమే తేలిక."

ఆయన మంచం అంచు మీద కూర్చున్నాడు. ఇంకొకటి ఉంది. అది చెప్పకపోయినా గడిచిపోతుంది, ఆదివారం అమ్మాయి దగ్గరికి వెళితే అన్నీ అవే సర్దుకుంటాయి అని ఒక మనసు అంది. కానీ ఏళ్ళ తరబడి వంకర టైలుని చూసీ చూడనట్టు ఒక్కసారి కూడా వదలని మనిషి. వదల్లేకపోయాడు.

"నేను... నీకు అమ్మాయి మీద ఇంకా కోపముందనుకున్నాను. పెళ్ళప్పటి పంతం పోలేదనుకున్నాను."

"అనుకోండి. అలా అనుకుంటున్నారని తెలుసు. మీరు గిన్నెలు పెట్టే పద్ధతిలోనే తెలుస్తుంది."

"దానితో కూడా అదే చెప్పాను."

చొక్కా ఆవిడ చేతిలోంచి ఒళ్ళోకి జారింది. "ఎవరితో?"

"అమ్మాయితో. పోయినసారి. అమ్మ రాకపోవడం పంతం వల్లేనని."

ఆవిడ ఒళ్ళోని చొక్కా తీసి పక్కన పెట్టింది. 

"అందుకా అది ఫోన్ పెట్టేటప్పుడు 'నీ ఇష్టం అమ్మా' అంటోంది," అంది.  "ఉద్యోగం, కాపురం, అలసిపోతోంది కాబోలు, అందుకే ముక్తసరిగా మాట్లాడుతోంది అనుకున్నాను. నడుం నొప్పి నాది, భరించాను. ఎవరినీ ఏమీ అనలేదు. నా బిడ్డకీ నాకూ లేని గొడవ పెట్టడానికి మీరెవరండీ?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన్ని అంత మాట అనడం అదే మొదటిసారి. ఆయన ఒంటికాలి మీద లేవాల్సిన చోట తల వంచుకుని ఫోన్ తీశాడు. కూతురి నంబరు నొక్కి, ఇద్దరికీ వినబడేలా స్పీకరు పెట్టాడు.

"నాన్నా? ఆదివారం వస్తున్నారా?" అంది కూతురు. కాస్త ఆగి, "నువ్వొక్కడివేనా?" అంది.

"ఒక మాట చెప్పాలమ్మా. మీ అమ్మకి నీ మీద పంతం ఉందని చెప్పాను చూడు, అది తప్పు. ఆవిడకి ఏ పంతమూ లేదు. బండిలో వెనక కూర్చుంటే నడుం విరిగిపోయేంత నొప్పి. రెండేళ్ళుగా. నాతో చెప్పింది, నేనే వినలేదు. వినకుండా నీతో అబద్ధం చెప్పాను. అబద్ధమని తెలీకుండా చెప్పాననుకో, అయినా అబద్ధమే."

 అవతల ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు వినిపిస్తోంది. కూతురు వెళ్ళి దాన్ని కట్టేసినట్టుంది, ఆ చప్పుడు ఆగిపోయింది.

"నేనూ నమ్మేశాను నాన్నా," అంది. ఏడుస్తోందని తెలుస్తోంది. "నువ్వు చెప్పావని నమ్మేశాను. రోజూ ఫోన్లో మాట్లాడుతూ కూడా అమ్మని ఒక్కసారి అడగలేదు. అమ్మకియ్యి."

"ఇక్కడే ఉన్నాను, వింటున్నాను," అంది తల్లి.

"అమ్మా," అంది కూతురు. "నొప్పి ఎక్కడ?"

రసమట్టం గారు తల ఎత్తాడు. ఆ రోజు పొద్దుటి నుంచీ స్ప్రింగులూ, షాకప్‌లూ, లావువీ, సన్నవీ, ఎన్ని చూశాడో, ఎన్ని మాట్లాడాడో. ఆ రెండు మాటలు ఆయన నోటికి రాలేదు. రెండేళ్ళలో రాలేదు, ఇంటికొచ్చి తప్పు ఒప్పుకున్నాక కూడా రాలేదు.

ఆవిడ మంచం మీద మెల్లగా ఒక పక్కకి ఒరిగింది. నిటారుగా కూర్చోవడం కూడా ఆవిడకి కష్టమేనని ఆయన అప్పుడే చూశాడు.

"నడుం దగ్గర మొదలవుతుందమ్మా, ఎడమవైపు," అంది. "అక్కణ్ణించి తొడ వెనకనుంచి మడమ దాకా లాగుతుంది. పొద్దున్న లేవగానే కాలు కింద పెట్టాలంటే..."

కూతురు అడుగుతోంది, ఆవిడ చెబుతోంది. ఎప్పటినుంచి, ఎప్పుడు ఎక్కువ, ఏ పక్కకి తిరిగి పడుకుంటే తక్కువ. ఆయన కల్పించుకోలేదు. ఎటూ కదలకుండా కూర్చుని, ఆవిడ చెప్పిందంతా చివరిదాకా విన్నాడు.